అస్తానాలో వినిపించిన కజఖ్ మాట

2023 నవంబర్‌లో రష్యా అధ్యక్షుడు పుతిన్ అస్తానాకు వచ్చినప్పుడు, కజఖ్‌స్తాన్ అధ్యక్షుడు తొకాయెవ్ తన ప్రసంగాన్ని కజఖ్ భాషలో మొదలుపెట్టారు. రష్యా ప్రతినిధులు ఒకరి తర్వాత ఒకరు అనువాదం కోసం హెడ్‌ఫోన్లు అందుకోవడం ఆ వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. తొకాయెవ్‌కు రష్యన్ రాక కాదు. ఆయన దౌత్యవిద్య చదివింది మాస్కోలోనే. సొంత రాజధానిలో సొంత భాషలో మాట్లాడడం వార్త అయిందంటే, అంతకు ముందు దశాబ్దాల పాటు అక్కడ ఏ భాష రాజ్యమేలిందో ఊహించవచ్చు.

నేను ఆ దృశ్యాన్ని పలుమార్లు చూశాను. మా నాన్నగారు విశాలాంధ్ర పుస్తకాల వాహనం దగ్గర కొని తెచ్చిన సోవియట్ పుస్తకాలు చదువుతూ పెరిగిన నాకు, అందులో ఉక్రేనియన్ జానపద కథ అయినా, కిర్గిజ్ రచయిత ఐత్‌మాతొవ్ రచన అయినా, అన్నీ ‘రష్యా పుస్తకాలే’. ఆ పుస్తకాల మీద నాకు ఇప్పటికీ ఎంతో ప్రేమ ఉంది. అయితే ఒక జాతి మాటను, బాధను మరో జాతి పేరిట జమకట్టే అలవాటు కూడా వాటితోనే నాకు అంటుకుందని ఆలస్యంగా గ్రహించాను.

కజఖుల బాధ చిన్నది కాదు. కజఖ్‌స్తాన్ సోవియట్ యూనియన్‌లో భాగంగా ఉన్న రోజుల్లో, సంచార జీవనం సాగించే పశుపోషకుల మందలను ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, బలవంతంగా సమష్టి వ్యవసాయంలోకి నెట్టిన ఫలితంగా 1930–33 మధ్య వచ్చిన కరువులో దాదాపు 15 లక్షల మంది చనిపోయారని అంచనా. అందులో అత్యధికులు కజఖులే. ఆ తర్వాత 1940లో వారి భాషకు రష్యన్ రాసే సిరిలిక్ లిపిని ఖాయం చేశారు. 1959 నాటికి కజఖులు తమ గడ్డ మీద జనాభాలో మూడో వంతు కూడా లేరు. 1986 డిసెంబర్ 16న స్థానికుడైన కునాయెవ్‌ను అక్కడి కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం నుంచి తప్పించి, ఆ నేలతో ఏ సంబంధమూ లేని కోల్బిన్‌ను మాస్కో నియమించినప్పుడు, అల్మాటీ యువత వీధుల్లోకి వచ్చి లాఠీదెబ్బలు తిన్నది. సరిగ్గా అయిదేళ్లకు, 1991 డిసెంబర్ 16న, కజఖ్‌స్తాన్ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది.

ఇంత చరిత్ర ఉన్న జాతి గురించి, కజఖులకు స్వాతంత్ర్యానికి ముందు సొంత రాజ్యమే లేదన్న అర్థంలో పుతిన్ 2014లో మాట్లాడారు. ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలిపేసుకున్న సంవత్సరంలోనే ఆ మాట రావడం వారిని ఎంత కలవరపెట్టి ఉంటుందో చెప్పనక్కరలేదు. మరుసటి ఏడాది కజఖ్‌స్తాన్, కజఖ్ ఖానేట్ 550వ వార్షికోత్సవాన్ని ఘనంగా జరిపింది. జవాబు పేరుతో జవాబు చెప్పకుండా, తమ రాజ్యం 1465లోనే పుట్టిందని లోకానికి గుర్తు చేసింది.

రష్యాతో దాదాపు 7,600 కిలోమీటర్ల సరిహద్దు పంచుకుంటూ, ఎగుమతి చేసే చమురులో అత్యధిక భాగాన్ని రష్యా రేవు నొవొరొసీస్క్ మీదుగా పంపవలసిన దేశం, ఇరవై లక్షలకు పైగా రష్యన్ జాతీయులను తన పౌరులుగా చూసుకోవలసిన దేశం, ఆచితూచి మాట్లాడక తప్పదు. 2022 జనవరి అల్లర్ల వేళ రష్యా నాయకత్వంలోని కూటమి సేనలను పిలిపించుకున్నదీ తొకాయెవే. అదే మనిషి ఆ జూన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ వేదిక మీద, పుతిన్ పక్కనే కూర్చుని, ఉక్రెయిన్ నుంచి విడదీసి రష్యా స్వతంత్ర దేశాలుగా గుర్తించిన దొనెత్స్క్, లుహాన్స్క్‌లను తాము దేశాలుగా గుర్తించబోమని చెప్పారు. దీనిని రెండు నాల్కల ధోరణి అనేవారితో నేను ఏకీభవించను. బలవంతుడి పక్కన ఇల్లు కట్టుకున్నవాడు గొంతు పెంచకపోవచ్చు, కానీ గట్టు జరుపుతుంటే మాత్రం చూస్తూ ఊరుకోడు.

ప్రభుత్వం అంతకు మించి చెప్పలేని మాటను ప్రజలు మరో తీరున చెప్పారు. 2023 జనవరిలో, కరెంటు కోతలతో, చలితో ఉక్రెయిన్ అల్లాడుతున్నప్పుడు, కజఖ్ వ్యాపారులు కొందరు బుచా పట్టణంలో తమ సంప్రదాయపు గుండ్రటి గుడారం, యుర్తా, నిలబెట్టారు. వచ్చినవారు లోపల చలి కాచుకున్నారు, వేడి టీ తాగారు, ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారు. రష్యా విదేశాంగ శాఖ దీని మీద వివరణ కోరింది. అది ప్రైవేటు వ్యక్తులు చేసిన పని అని కజఖ్ విదేశాంగ శాఖ క్లుప్తంగా బదులిచ్చింది. ఆ తర్వాత ఉక్రెయిన్‌లోని ఇతర నగరాల్లోనూ యుర్తాలు వెలిశాయి.