చైనా ఎంబీబీఎస్‌లో నాడి పరీక్ష గట్టెక్కాను

హమ్మయ్య, టీసీఎం (చైనా సంప్రదాయ వైద్యం) పరీక్ష అయిపోయింది! చైనాలో ఎంబీబీఎస్ చదివితే అక్కడి సంప్రదాయ వైద్యం కూడా ఒక సబ్జెక్టని చేరేముందు ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్ కన్సల్టెన్సీ ఆయనకి ఫీజు తప్ప ఏం పట్టింది గనక.

థియరీ బట్టీ కొట్టేయొచ్చు. కప్పింగ్‌కి (ఒంటి మీద కప్పులు అతికించి చర్మాన్ని పైకి లాగడం) భయపడక్కర్లేదు. సూదుల్లో అయితే నాకు తిరుగే లేదు. మోకాలి చిప్పకింద నాలుగు వేళ్ళ వెడల్పు దిగి, ఎముక పక్కన జూసాన్‌లీ అనే ఆక్యుపంక్చర్ బిందువు దగ్గర ఒక్క గుచ్చుకే దింపాను. లావ్‌షి (టీచరమ్మ) క్లాసందర్నీ పిలిచి చూపించింది.

పరువు పోయింది నాడి దగ్గరే. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించాలి. ఒక్కో వేలి కింద ఒక్కో అవయవం సంగతి తెలుస్తుందట: ఎడమ చేతిలో గుండె, కాలేయం, కిడ్నీ. కుడి చేతిలో ఊపిరితిత్తులు, ప్లీహం, మళ్ళీ కిడ్నీ. మెల్లగా తాకి ఒకసారి, నొక్కి ఒకసారి. నాడులేమో 28 రకాలట. పేషెంటుగా ఓ ముసలావిడ కూర్చుంది. నా వేళ్ళకి తగిలింది ఒక్క రేడియల్ ధమనే. "నిమిషానికి 76, రెగ్యులర్" అన్నాను.

"అది మిషన్ కూడా చెప్తుంది. ఏ నాడి?" అంది లావ్‌షి.

నోరు పెగల్లేదు. ముసలావిడే జాలిపడి "హ్వామై" అని అందించింది. పళ్ళెంలో ముత్యాలు దొర్లినట్టుండే జారుడు నాడి. క్లాసంతా ఘొల్లుమంది. మా గుంటూరోడు ఇప్పటికీ నన్ను "ఏరా ముత్యాలూ" అనే పిలుస్తున్నాడు.

మధ్యాహ్నం ఇంకో సార్ అదే చెయ్యి పట్టుకుని "షియెన్‌మై", అంటే బిగుతు నాడి అన్నాడు! ఈసీజీ కాగితం ఎవరి చేతిలో ఉన్నా అవే గీతలు కదా. నా గొడవంతా అదే.

అలాగని అంతా కొట్టిపారేయను. చైనా శాస్త్రవేత్త టు యుయుకి 2015లో నోబెల్ తెచ్చిన మలేరియా మందు ఆర్టిమిసినిన్‌కి దారి చూపింది నాలుగో శతాబ్దపు వైద్యుడు గే హాంగ్ పుస్తకమే. అందులో మొక్కని నీళ్ళలో నానబెట్టి పిండమని ఉంది, మరగబెట్టమని లేదు. వేడికి గుణం పోతోందేమోనని ఆవిడ ఈథర్‌తో తక్కువ వేడిలో తీసింది. ఎలుకలకీ కోతులకీ ఇచ్చి చూసి, తర్వాత తనే మింగింది. పనిచేసిందని తేల్చింది మాత్రం రక్తపు స్లైడు, నాడి కాదు. "మూలికలే కదా, సైడ్ ఎఫెక్టులుండవు" అనే సీనియర్లు కొన్ని మూలికల్లో ఉండే అరిస్టలోకిక్ యాసిడ్ కిడ్నీలని ఏం చేస్తుందో చదవండి. ఊళ్ళో పసర్లు పోసేవాళ్ళకీ ఇదే మాట.

ఎలా పాసయ్యానంటారా? ముందు కేస్‌షీటు చూశాను. బీపీ ఎక్కువుంటే షియెన్‌మై, గర్భిణి అయితే హ్వామై. చివర్లో నాకొచ్చింది బీపీ పేషెంటే. కళ్ళు మూసుకుని కాసేపు చెయ్యి పట్టుకోండి, లావ్‌షిలకి అది నచ్చుతుంది. ఇక ఎఫ్ఎంజీఈకి (విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్ళు ఇండియాలో రాయాల్సిన పరీక్ష) కూర్చోవాలి, 300కి 150 రావాలి. అందులో నాడి అడగరు.