ఒక గది, ఇద్దరు మనుషులు, 6 నిమిషాలు: ఎనిమిది వారాల షార్ట్‌ఫిల్మ్ లాగ్

విశాఖలో యూనివర్సిటీ హాస్టల్ గది. చదువు అయిపోయి గది ఖాళీ చేసే రోజు. ఇద్దరిలో ఒకడు రెండోవాడికి బాకీ ఉన్నాడు, ఆ మాట ఇద్దరూ ఎత్తరు. కథ అంతే. కల్పిత చిత్రం తీయడం నేర్చుకునేవాళ్లకు మొదటి పనిగా ఇంతకంటే పెద్దది వద్దు. ఎడిటింగ్ టేబుల్ మీద కనిపించే తప్పుల్లో చాలావరకు అంతకు రెండు దశల ముందే జరిగిపోయి ఉంటాయి. అవి ఎక్కడ పుట్టాయో చూసుకోవడానికే వారం వారం ఈ లెక్క.

1, 2 వారాలు – స్క్రిప్టు

మొదటి ప్రతిలో బాకీ గురించి నాలుగు డైలాగులు ఉన్నాయి. నాలుగూ కొట్టేయాల్సి వచ్చింది. వాటి స్థానంలో ఒక పని వచ్చింది: బాకీ ఉన్నవాడు తన ఇస్త్రీపెట్టెను అవతలివాడి అట్టపెట్టెలో పెడతాడు, అవతలివాడు చూసీ చూడనట్టు పెట్టె మూతకు తాడు కడతాడు. డబ్బు మాట పలికితే సీను అక్కడే అయిపోతుంది, పలకకపోతే చివరిదాకా లాగుతుంది.

పేజీకి ఒక నిమిషం అన్న లెక్క ఇంగ్లీషు స్క్రిప్టు ఫార్మాట్‌కు పుట్టింది. ఎడమవైపు యాక్షన్, కుడివైపు డైలాగు రాసే మన సీన్ పేపర్‌కు అది నప్పదు. స్టాప్‌వాచ్ పెట్టుకుని మౌనాలతో సహా పైకి చదవడమే దారి. చదివితే 7 నిమిషాల 20 సెకన్లు వచ్చింది. శ్రీకాకుళం కుర్రాడి మాటను పుస్తకభాషలో రాసి, "సెట్‌లో మార్చుకుందాం" అనుకోవద్దు. "ఏటిరా, అప్పుడే సర్దీసినావా" అని కాగితం మీదే ఉండాలి. సెట్‌లో మారిస్తే ప్రతి టేక్‌లో ఒక్కో రకంగా వస్తుంది, కట్ కలవదు.

3వ వారం – షాట్ డివిజన్

మొదట 38 షాట్లు వచ్చాయి. కొత్త యాంగిల్‌కు కెమెరా, వెలుతురు, రిహార్సల్, రెండు మూడు టేకులు కలిపి సగటున 20 నిమిషాలు పడుతుంది. భోజనం పోను రోజుకు 5 గంటల వెలుతురు, అంటే 15 షాట్లు. రెండు రోజులకు 30. ప్యాచ్ షాట్లకు (తర్వాత లోటు పూడ్చే చిన్న షాట్లకు) చోటు ఉంచాలి కాబట్టి జాబితా 22 దగ్గర ఆగింది. పోయినవన్నీ తలుపు గడియ, ఫ్యాను, చెప్పులు లాంటి అలంకారపు క్లోజప్‌లే.

ఈ కథలో అసలు చిక్కు సామాన్లతోనే. సీను నడుస్తున్నకొద్దీ గది ఖాళీ అవుతుంది. ఒకవైపు చూసే షాట్లన్నీ ఒకేసారి తీసేద్దామంటే సామాన్లు ఒప్పుకోవు, కథ వరుసలో తీద్దామంటే కెమెరాను పదే పదే తిప్పాలి. అందుకే గదిని మూడు స్థితులుగా విడగొట్టాం: నిండుగా, సగం, ఖాళీ. ఒక్కో స్థితిలో ముందు మాస్టర్ (ఇద్దరూ, గదీ కనిపించే షాట్), తర్వాత కిటికీ వైపు షాట్లు, ఆ తర్వాత తలుపు వైపు సజెషన్లు (ఒకడి భుజం మీదుగా రెండోవాడిని చూపే షాట్లు), క్లోజులు. ప్రతి ఓకే టేక్ ముగింపులో గది నాలుగు మూలలా ఫోన్‌తో ఫొటో. ఈ పని ఒక్క మనిషిదే అయి ఉండాలి. అందరూ చూసుకుంటారులే అనుకుంటే ఎవరూ చూడరు.

లుక్ (ఎవడు ఎటు చూస్తున్నాడన్నది) తప్పకుండా ఉండడం కోసం నేలమీద ఇద్దరి మధ్య సుద్దతో గీత గీసి, కెమెరా దానికి ఒకవైపే ఉండేలా చూశాం. ఒకడు కెమెరాకు కుడివైపు చూస్తే రెండోవాడు ఎడమవైపు చూడాలి. నటుడు లేచి నడిస్తే గీత కూడా కదులుతుంది, తప్పు దొర్లేది అక్కడే.

4వ వారం – టెస్ట్ షూట్

గదిని కిటికీ చూసి ఎంచుకోవాలి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరపు కిటికీలోంచి నేరుగా ఎండ పడదు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి మూడున్నర దాకా మెత్తటి వెలుతురు దాదాపు నిలకడగా ఉంటుంది. ట్యూబ్‌లైటు ఆర్పేయాలి. వెలిగితే ముఖం ఒక చెంప నీలంగా, ఇంకో చెంప పచ్చగా పడుతుంది, అది కలర్ కరెక్షన్‌లో పోదు. నీడవైపు చెంపకు మూడడుగుల దూరంలో తెల్ల థర్మకోల్ షీటు చాలు. ముఖం మరీ చదునుగా కనిపిస్తే షీటు తీసేసి నల్లదుప్పటి కట్టాలి.

కెమెరా సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 1/50 గానీ 1/100 గానీ పెడితే చారలు రావు. ఫోన్లు మామూలుగా ఎంచుకునే 30 ఫ్రేములు, 1/60 దగ్గర వస్తాయి. వైట్ బ్యాలెన్స్ 5600 కెల్విన్ దగ్గర లాక్ చేయాలి. ఆటోలో వదిలితే ఎర్రచొక్కా ఫ్రేములోకి రాగానే గోడ రంగు మారిపోతుంది.

5వ వారం – షూటింగ్

బొమ్మ బాగానే వచ్చింది, ఇబ్బంది అంతా శబ్దంతోనే. లావలియర్ మైకు (బట్టలకు తగిలించే చిన్న మైకు) గడ్డానికి జానెడు కింద, చొక్కా లోపల, మెడికల్ టేపుతో రెండు వైపులా అంటించాలి. టేపు లేకపోతే ప్రతి కదలికకూ బట్ట రాసుకుంటుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, గట్టి మాట -12 డెసిబెల్స్ దాటకూడదు. కారిడార్‌లో బకెట్లు, చెప్పుల చప్పుడు ఉండని వేళ, తరగతులు జరిగే 10 నుంచి 12 వరకే. డైలాగున్న షాట్లన్నీ అప్పుడే తీసేయాలి.

ముందుగా లెక్కేసుకోనిది ఒకటుంది. పరుపులు, బట్టలు, పుస్తకాలు బయటికి పోతున్నకొద్దీ గది మోగుతుంది. నిండు గదిలో పలికిన మాటకూ సగం గదిలో పలికిన మాటకూ తేడా చెవికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కెమెరా వెనక రెండు బొంతలు వేలాడదీస్తే కలిసింది. చివరి ఖాళీ గది సీనులో మాత్రం బొంతలు తీసేశాం. ఆ మోత కథకే ఉపయోగం. మూడు స్థితుల్లోనూ అందరూ కదలకుండా నిమిషం పాటు రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పటి గది శబ్దం) రికార్డు చేసుకోవాలి.

"కట్" చెప్పే ముందు మనసులో ఐదు లెక్కపెట్టాలి. చివరి మాటతోనే ఆపేసిన టేకుల్లో నటుడి ముఖం మారే క్షణం దొరకదు.

50 ఎంబీపీఎస్ (సెకనుకు 50 మెగాబిట్లు) వేగంతో తీస్తే గంట వీడియోకు 22.5 జీబీ. రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ అయ్యాకే కార్డు ఫార్మాట్.

6, 7 వారాలు – ఎడిటింగ్

ఫోన్‌తో తీసిన ప్యాచ్ షాట్లలో పెదవులకూ మాటకూ పొత్తు తప్పింది. ఫోన్లు ఫ్రేమ్ రేటును నిలకడగా ఉంచవు, అదీ కారణం. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టాంట్ (మారని) ఫ్రేమ్ రేటుకు మార్చాకే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లోకి తేవాలి. రిజాల్వ్‌లో మొదటి క్లిప్ చేర్చకముందే ప్రాజెక్టును 25 ఫ్రేములకు పెట్టుకోండి, తర్వాత మార్చనివ్వదు.

రఫ్ కట్ (మొదటి కూర్పు) 8:40 నిమిషాలు. చాలా సాగింది. డైలాగులు తగ్గించకుండానే 6:05కి వచ్చింది: మాట్లాడేవాడి మీద కాకుండా వినేవాడి మీద కట్ చేశాం, తర్వాతి మాట ముందే వినిపించి బొమ్మను వెనక తెచ్చాం. రెండు చోట్ల లుక్ తప్పింది. రెండూ నటుడు లేచి తలుపు దగ్గరికి నడిచిన చోటే. ఒకదాన్ని తాడు క్లోజప్‌తో కప్పేశాం. రెండోదానికి కప్పడానికి ఏమీ లేదు, జాబితాలోంచి కొట్టేసిన తలుపు గడియ షాట్ అక్కడ అక్కరకొచ్చేది.

8వ వారం – టైటిల్స్, మిగిలిన పని

టైటిల్స్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడితే ఆ టూల్‌కు మన లిపిని కూర్చడం రాదని అర్థం. రామభద్ర ఫాంట్‌తో ఇంక్‌స్కేప్‌లో రాసి, వెనక ఏమీ లేని పీఎన్‌జీగా తెచ్చి పెట్టడం నయం. సబ్‌టైటిల్ ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ చేయాలి. శబ్దం మొత్తం -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దగ్గర.

గది బయట ఉన్నది ఒక్కటే, బీచ్‌లో తీసే ముగింపు షాట్. అది మళ్లీ తీయాలి. సాయంత్రపు బంగారు వెలుగు అనుకుని వెళ్తే విశాఖలో కుదరదు, సముద్రం తూర్పున ఉంది. నీళ్ల మీద ఆ వెలుగు కావాలంటే పొద్దున్నే రావాలి. డిసెంబరు ఆఖర్లో సూర్యోదయం ఆరున్నరకు కాస్త ముందు. ఐదున్నరకు స్పాట్‌లో ఉండాలి. కెమెరాను ఏసీ గదిలో ఉంచొద్దు, ఉంచితే సముద్రపు తేమకు లెన్స్ మంచుపట్టి అరగంట వృథా. మైకుకు బొచ్చు తొడుగు, తాడు కట్టిన అట్టపెట్టె మర్చిపోకూడదు.