మొదటి కాన్పు, పాలు, పంపు: మా చెల్లికి చెప్పినవన్నీ

మా పిన్ని కూతురికి ఇప్పుడు ఎనిమిదో నెల. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేసి ఒక్కో ప్రశ్న అడుగుతోంది, పాలు పిండే పంపు ఇప్పుడే కొనాలా, ఆపరేషన్ అయితే పాలు రావట కదా, ఆఫీసుకి వెళ్ళాక ఎలా అని. ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే మొదటి కాన్పు వాళ్ళు ఇంకెవరికైనా పనికొస్తుందనిపించింది. నేను డాక్టర్ని కాదు. రెండేళ్ళ క్రితం మే నెల ఎండల్లో రాజమండ్రిలో సిజేరియన్ అయింది, మొదటి మూడు రోజులు ఏడుస్తూనే ఉన్నాను, నేర్చుకున్నదంతా ఆ తర్వాతే.

ఆ మూడు రోజులూ నన్ను ఏడిపించింది ఒకే మాట, "పాలు పడ్డాయా?" అని. గదిలోకి వచ్చిన ప్రతి ఒక్కరూ అదే అడిగారు, చూడ్డానికొచ్చిన పెద్దమ్మ, పక్క మంచం బాలింత వాళ్ళ అత్తగారు, గది ఊడ్చే ఆయమ్మ. రెండో రాత్రి పాప ఆపకుండా ఏడుస్తుంటే నర్సు నన్నొక్క మాట కూడా అడగకుండా డబ్బాపాలు కలిపి పట్టేసింది. పాప వెంటనే నిద్రపోయింది. "చూశావా, ఆకలి పాపం" అన్నారు. అంతే, నాకు పాలు లేవని నేను నమ్మేశాను.

ఆ రోజుకి ఉండాల్సినన్ని పాలు నా దగ్గర ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. మొదట వచ్చేవి ముర్రుపాలు, చిక్కగా, పసుపుగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి. పుట్టిన రోజు బిడ్డ ఒక్కసారికి తాగేది ఒక టీ స్పూను అటూ ఇటూ, అంతే. రొమ్ములు నిండి బరువెక్కేలా పాలు పడేది మామూలుగా మూడో రోజుకి, సిజేరియన్ అయినవాళ్ళకి ఒక్కోసారి నాలుగో రోజో ఐదో రోజో అవుతుంది. మాయ బయటికి వచ్చేశాక ఒంట్లో హార్మోన్లు మారి అప్పుడు మొదలయ్యే పని అది. ఆపరేషన్ అయినా మాయ బయటికి వస్తుంది కదా, మరి కోత కాన్పుకి పాలు రావన్న మాట ఎక్కడిది? రెండో రాత్రి బిడ్డ మాటిమాటికీ రొమ్ము కోసం ఏడవడం కూడా మామూలే, అలా గుంజుతుంటేనే పాలు పడతాయి. వీలైతే పుట్టిన గంటలోపే బిడ్డని రొమ్ముకి పట్టించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా అందుకే. తేనె నాకించడం, చక్కెర నీళ్ళు, ఆముదం, ఇవేవీ వద్దు, తేనె అయితే ఏడాది దాటేవరకూ అసలు వద్దు. ముందే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, కాన్పయ్యాక గొడవ పడే ఓపిక మీకు ఉండదు.

ఇక పట్టు. దీని గురించే నేను ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా చనుమొనలు పగిలి రక్తం వచ్చింది పట్టు సరిగ్గా లేకే, ఓర్చుకోవాలి అని అందరూ చెప్తే ఓర్చుకున్నాను, ఓర్చుకోకూడదు. బిడ్డ చనుమొన ఒక్కదాన్నే నోట్లో పెట్టుకుంటే మీకు నొప్పి, తనకి పాలు రావు. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు, ముఖ్యంగా కింది వైపుది, నోట్లోకి వెళ్ళాలి. బిడ్డ పొట్ట మీ పొట్టకి ఆనుకుని ఉండాలి, మెడ మెలి తిరగకూడదు. చనుమొనతో పై పెదవిని తాకిస్తే ఆవలించినంత పెద్దగా నోరు తెరుస్తుంది, ఆ క్షణంలో బిడ్డని రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి, మీరు బిడ్డ మీదికి వంగకూడదు. గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. మొదట్లో కొన్ని క్షణాలు లాగినట్టు ఉంటే పరవాలేదు, తాగినంతసేపూ నొప్పి ఉంటే చిటికెన వేలు నోటి మూలలో పెట్టి పట్టు విడిపించి మళ్ళీ పట్టించండి. పదిసార్లయినా సరే. కుట్లున్నవాళ్ళు బిడ్డని ఒడిలో కాకుండా పక్కన చంక కింద పెట్టుకుని, కాళ్ళు వెనక్కి ఉండేలా పట్టుకుంటే పొట్ట మీద బరువు పడదు. నాకు ఇది చూపించింది ఐదో రోజు వచ్చిన ఒక పెద్ద నర్సమ్మ, ఆవిడ పది నిమిషాలు పక్కన కూర్చుంది, నా సగం బాధ అక్కడే పోయింది.

మరి పాలు సరిపోతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఏడుపుని బట్టి కాదు, రొమ్ములు బరువుగా ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టీ కాదు. తడిపిన గుడ్డలు లెక్కపెట్టండి. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా పెరుగుతూ ఐదారు రోజులకల్లా రోజుకి ఆరు, ఆపైన మూత్రాలు. మొదట నల్లగా తారులా పోయే దొడ్డి నాలుగైదు రోజులకి పసుపు రంగుకి మారాలి. పుట్టాక బరువు కాస్త తగ్గడం సహజం, పదో వంతు దాటి తగ్గితే మాత్రం డాక్టర్ చూడాలి, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. మా ఇంటి క్యాలెండర్ మీద అమ్మ పెన్సిల్‌తో గీతలు గీసేది, ఆ గీతలు చూశాకే పాలు పడ్డాయా అన్న ప్రశ్నకి భయపడటం మానేశాను. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు ఇవ్వాలి, రాత్రి కూడా, పాలు తయారు చేసే హార్మోను రాత్రిపూటే ఎక్కువ. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత తయారవుతుంది.

పథ్యం గురించి మా అమ్మమ్మకీ నాకూ గొడవైంది. వెల్లుల్లి కారం, మెంతికూర, పాలసొర పులుసు అన్నీ ఇష్టంగా తిన్నాను, అవి తింటేనే పాలు పడతాయని కాదు, బాలింతకి కడుపు నిండా తిండి కావాలి. కానీ "నీళ్ళు తక్కువ తాగు, పొట్ట వస్తుంది" అన్నది మాత్రం వినలేదు. మే నెలలో పాలిచ్చే తల్లికి దాహం ఎలా వేస్తుందో ఇచ్చినవాళ్ళకే తెలుసు, దాహమైనప్పుడల్లా తాగండి. బిడ్డకి మాత్రం ఆరు నెలలు నిండేవరకూ చుక్క నీళ్ళు వద్దు, ఎంత ఎండైనా సరే, తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్ళే. డాక్టర్ రాసే విటమిన్ డి చుక్కలు వేరు, అవి మానకండి.

అమ్మమ్మ చెప్పినదాంట్లో నాకు అన్నిటికన్నా బాగా ఉపయోగపడింది "చేపు" అన్న మాట. దూడ రెండు గుక్కలు గుంజాక ఆవు చేపినట్టే తల్లికీ చేపు వస్తుంది, జివ్వుమని లాగినట్టుండి పాలు దిగుతాయి, కొందరికి ఏమీ తెలియదు కూడా. టెన్షన్‌లో, నొప్పిలో చేపు రావడం కష్టం. పంపు దగ్గర ఈ మాట గుర్తు పెట్టుకోండి.

పంపు ఇప్పుడే కొనాలా అని చెల్లి అడిగింది. బిడ్డ బాగా తాగుతుంటే మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు దాని అవసరమే లేదు. బిడ్డ ఐసీయూలో ఉన్నా, రొమ్ము పట్టకపోయినా సంగతి వేరు, అప్పుడు మొదటి కొన్ని గంటల్లోనే చేత్తో పిండటం మొదలుపెట్టాలి, రోజుకి ఎనిమిది సార్లు తగ్గకుండా. ముర్రుపాలకి పంపు కన్నా చెయ్యే మేలు, పంపులో అంటుకునే పోతాయి.

కొన్నాక ముందు చూసుకోవాల్సింది ఫ్లాంజ్, అంటే రొమ్ముకి పెట్టే గరాటా సైజు. పెట్టెతో పాటు ఎక్కువగా 24 మిల్లీమీటర్లది ఇస్తారు, అందరికీ అది సరిపోదు. చనుమొన ఆ గొట్టంలో గోడలకి రాసుకోకుండా ఆడాలి, నల్లటి భాగం మరీ లోపలికి లాక్కుపోకూడదు. నాకు నెలంతా నొప్పి పుట్టింది ఈ సైజు వల్లే. మొదట తక్కువ లాగుడుతో, వేగంగా, చేపు వచ్చేదాకా ఒకటి రెండు నిమిషాలు, ఆ తర్వాత నెమ్మదిగా, మొత్తం 15 నుంచి 20 నిమిషాలు. ఎక్కువ లాగితే ఎక్కువ వస్తాయనుకోకండి, నొప్పి పుడితే చేపు ఆగిపోతుంది. బిడ్డ తాగాక పిండితే 30 మిల్లీలీటర్లు రావడం కూడా మంచి లెక్కే, బిడ్డ గుంజినంత బాగా పంపు గుంజలేదు కాబట్టి సీసాలో కనిపించేదే మీ పాలు అనుకోవద్దు. ఈ ఒక్క పొరపాటుతో పాలు మానేసినవాళ్ళు నాకు తెలుసు, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నిలవ విషయంలో మన ఎండలు గుర్తుంచుకోవాలి. గది 25 డిగ్రీలు దాటకపోతే పిండిన పాలు నాలుగు గంటలు ఉంటాయి, వేసవిలో మన ఇళ్ళు అంత చల్లగా ఉండవు కాబట్టి పిండగానే ఫ్రిజ్‌లో పెట్టడమే. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, తలుపులో కాకుండా లోపలి మూల పెట్టాలి. విడిగా తలుపున్న ఫ్రీజర్‌లో ఆరు నెలల వరకు. ఫ్రిజ్‌లో ఉంచి కరిగించినవి గడ్డ కరిగాక 24 గంటల్లో వాడెయ్యాలి, మళ్ళీ గడ్డ కట్టించకూడదు. పొయ్యి మీద, మైక్రోవేవ్‌లో కాదు, గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో సీసా ఉంచితే చాలు. పైన వెన్న తేలితే పాలు విరిగాయని పారబోయకండి, మెల్లగా తిప్పండి. బిడ్డ తాగగా మిగిలినవి మాత్రం రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే. పంపు ముక్కల్ని ప్రతిసారీ సబ్బుతో వేడినీళ్ళలో కడిగి, బట్టమీద ఆరబెట్టాలి.

నేను హైదరాబాద్ వచ్చి ఆఫీసులో చేరేసరికి పాపకి ఆరో నెల. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో సెలవు వచ్చింది, దాంట్లో కొన్ని వారాలు కాన్పుకి ముందే వాడేసుకున్నాను. యాభై మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని కూడా ఆ సవరణలోనే ఉంది, అడగండి, సిగ్గుపడకండి. చేరడానికి మూడు వారాల ముందు నుంచి తెల్లవారుజామున ఒకసారి పిండి దాచాను, ఆ వేళ ఎక్కువ వస్తాయి. ఈ వయసులో బిడ్డ రోజంతా తాగేది సుమారు 750 మిల్లీలీటర్లు, ఒక్కసారికి 90 నుంచి 120, కాబట్టి ఫ్రీజర్ నింపాల్సిన పని లేదు, రేపటికి సరిపడా ఉంటే చాలు. పగలు అమ్మ సీసా బదులు ఉగ్గుగిన్నెతో పట్టేది, సాయంత్రం నేను రాగానే పాప నేరుగా రొమ్ముకే వచ్చేది.

రొమ్ము రాయిలా గట్టిపడితే బలంగా పిసకనివ్వకండి, లోపల వాపు ఇంకా పెరుగుతుంది. బిడ్డకి ఇస్తూ ఉండండి, మధ్యలో చల్లటి గుడ్డ వేసుకోండి. ఎర్రబడి, జ్వరం, వణుకు వస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, చాలావరకు మందులు వాడుతూనే పాలివ్వచ్చు. బిడ్డ మత్తుగా పడుకుని పాలకి లేవకపోయినా, గుడ్డలు తడపడం తగ్గినా, ఒళ్ళు బాగా పసుపెక్కినా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.

థైరాయిడ్, కాన్పులో బాగా రక్తం పోవడం, రొమ్ముకి పాత ఆపరేషన్, ఇలాంటి వాటివల్ల కొంతమందికి నిజంగానే పాలు తక్కువ పడతాయి. అప్పుడు డాక్టర్ చెప్పినన్ని డబ్బాపాలు పట్టండి, ఉన్నన్ని మీ పాలూ ఇవ్వండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే తల్లిపాల బ్యాంకులు ఉన్నాయి, హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పేరుతో ఒకటి నడుస్తోంది, పాలు ఎక్కువగా ఉన్న తల్లులు అక్కడ ఇవ్వచ్చు కూడా.