కిటికీ దగ్గర ఆగిపోయిన వాక్యం

మన బడి వరండా గోడ మీద నీలం పెయింటుతో రాసి ఉండేది, గుర్తుందా? 'మాతృదేవో భవ, పితృదేవో భవ, ఆచార్యదేవో భవ'. ఆ తర్వాత కిటికీ వచ్చేసింది. రాసినాయన అక్కడితో కుంచె కడిగేసుకున్నట్టున్నాడు. అలా మన బడిలో అతిథికి చోటు లేకుండా పోయింది. 'అతిథిదేవో భవ' అని నాలుగో ముక్క ఒకటి ఉందని నాకు పర్యాటక శాఖ ప్రకటన చూశాకే తెలిసింది.

ఆ గోడను మీ అందరికంటే నేనే కాస్త ఎక్కువసేపు చదివాను. తొమ్మిదో తరగతి హాఫ్ ఇయర్లీలో నాకు లెక్కల్లో సున్నా వచ్చిన సంగతి మా సెక్షన్ వాళ్లు మర్చిపోయి ఉండరు. నా పేపర్లోనూ వెనక బెంచీవాడి పేపర్లోనూ ఒకే జామెట్రీ లెక్కలో ఒకే చోట ఒకే తప్పు. కాపీ కొట్టింది నేనేనని మాస్టారు తేల్చేశారు. నేను కాదంటే వినలేదు. రెండు రోజులు లెక్కల పీరియడంతా వరండాలో నిలబెట్టారు. నా కళ్లకు ఎదురుగా 'ఆచార్యదేవో భవ'. 'చా' దీర్ఘం దగ్గర పెయింటు కారి సన్నటి గీతలా కిందికి దిగి ఉండేది. ఆ గీత ఎంత పొడవుందో ఇవాళ అడిగినా వేళ్లతో చూపించగలను.

నా పేపరు చూసి రాసింది తనేనని ఆ వెనక బెంచీవాడు నాతో ఒప్పుకున్నాడు. ఎప్పుడంటారా? మా ఇద్దరికీ పెళ్లిళ్లయి, పిల్లలు స్కూలుకి వెళ్తున్నప్పుడు.

ఈ పాత గొడవ ఇప్పుడెందుకంటే, మొన్న కమిటీ వాళ్లు ఫోన్ చేసి, మన బడి పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనంలో మొదట తైత్తిరీయోపనిషత్తులోంచి 'సత్యం వద' భాగం నన్ను చదవమన్నారు. స్టేజీ మీద తప్పు చదువుతానేమోనని టెన్షన్. తెలుగు తాత్పర్యంతో ఉన్న పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను. మొదటి అధ్యాయం పేరే 'శీక్షావల్లి' అని ఉంది. అచ్చుతప్పనుకుని పెన్సిలుతో గుడి పెట్టేశాను కూడా. తీరా చూస్తే అది తప్పు కాదట, వేదంలో ఆ మాటకు అలాగే దీర్ఘం ఉందట. శంకరులు భాష్యంలో ఆ దీర్ఘం గురించి ప్రత్యేకంగా చెప్పారు కూడా. రబ్బరు వెతుక్కోవాల్సి వచ్చింది.

రెండో అధ్యాయం మొదట్లో మన ప్రార్థన కనిపించింది, 'సహ నావవతు'. రోజూ ఉదయం ఎండలో నిలబడి గొంతు చించుకున్నాం కదా. నేనైతే పదో తరగతి దాకా అది పడవ గురించే అనుకున్నాను. 'సహ నావ' అంటే అందరూ కలిసి ఎక్కే నావ. చివర్లో వచ్చే 'విద్విషావహై'లో విషం ఉంది కాబట్టి పడవలో పాము కూడా ఉందని మా బెంచీలో ఒక సిద్ధాంతం. అసలు అక్కడున్నది 'నౌ', అంటే 'మనిద్దరినీ' అని. గురువు, శిష్యుడు ఇద్దరూ కలిసి అడుగుతున్నారు: మనిద్దరినీ కాపాడాలి, మన చదువు తేజస్సుతో ఉండాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం చిహ్నం మీద ఉండే 'తేజస్వి నావధీతమస్తు' ఇందులోదే. ఆఖరి మాట 'మా విద్విషావహై', మనం ఒకరినొకరు ద్వేషించుకోకుండా ఉందాం. చదువు చెప్పేవాడికీ చదువుకునేవాడికీ మధ్య ద్వేషం పుట్టే వీలుందని వాళ్లకు ముందే తెలుసన్నమాట. తెలియకపోతే పాఠం మొదలెట్టకముందే ఆ మాట అనుకోవడం ఎందుకు?

ఇక నేను చదవాల్సిన భాగం శీక్షావల్లిలో పదకొండో అనువాకం, అంటే అధ్యాయంలో ఒక చిన్న విభాగం. వేదం చెప్పడం పూర్తయ్యాక ఆచార్యుడు శిష్యుణ్ణి ఇంటికి పంపుతూ చెప్పే మాటలు. మన లెక్కలో ఫేర్‌వెల్ స్పీచ్. నిజం చెప్పు, ధర్మంగా నడుచుకో, చదవడం మానకు అంటూ సాగి మన గోడ దగ్గరికి వస్తుంది. తల్లి, తండ్రి, ఆచార్యుడు, అతిథి. ఆ వెంటనే, సరిగ్గా మన కిటికీ ఉన్నచోట, రెండు వాక్యాలున్నాయి. నింద లేని పనులే చెయ్యి, మిగతావి వద్దు అని ఒకటి. రెండోది ఇది: 'యాన్యస్మాకం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి.' మాలో ఏవి మంచి నడతలో వాటినే నువ్వు పట్టుకో, మిగతావి వద్దు.

పుస్తకం మూసి లేచి కాసేపు ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. దేవుడిలా చూడు అన్న నోటితోనే, ఊపిరి తిప్పుకునేలోపు, మాలో వదిలెయ్యాల్సినవి కూడా ఉన్నాయి సుమా అంటున్నాడు ఆచార్యుడు. అదీ శిష్యుడు అడక్కుండానే. నేను వరండాలో నిలబడి చదివినదాంట్లో ఈ సగం లేదు.

మాస్టారి గురించి నాకు ఎప్పుడూ రెండు లెక్కలుండేవి, అవి కలిసేవి కావు. సున్నా వేసినాయన ఒకరు. బడి వదిలాక చీకటి పడేదాకా కూర్చోబెట్టి, పైసా తీసుకోకుండా లెక్కలు చెప్పినాయన ఇంకొకరు. 'వచ్చిన జవాబును తీసుకెళ్లి మళ్లీ ప్రశ్నలో పెట్టి చూడరా, నిలబడితే అప్పుడు గీత గియ్యి' అనేవారు. నేను ఇవాళ చేస్తున్న ఉద్యోగం ఆ ఒక్క మాట మీద నడుస్తోంది. ఆయన్ని తలుచుకోవాలంటే సున్నాను మర్చిపోవాలి, సున్నా గుర్తొస్తే ఆయన్ని వదిలెయ్యాలి అన్నట్టుండేది ఇన్నేళ్లూ. క్షమించేంత పెద్దమనసు నాకు లేదు, ఇప్పుడూ వచ్చిందని చెప్పను. కానీ ఈ వాక్యం క్షమించమని అడగడం లేదు. ఏరుకోమంటోంది, అంతే. అది నా చేతనవుతుంది.

అదే అనువాకంలో ఇంకొంచెం కిందికి వెళ్తే దానం గురించి ఉంది. 'హ్రియా దేయం', సిగ్గుపడుతూ ఇవ్వాలట. విరాళాలు ఇచ్చినవాళ్ల పేర్లు ఎక్కువ తక్కువల వరుసలో గ్రానైటు మీద చెక్కించాలనుకుంటున్న మన కమిటీ మిత్రులు ఈ ముక్క చదవకపోవడమే వాళ్ల ఆరోగ్యానికి మంచిది. నన్ను మాత్రం స్టేజీ మీద అది కూడా చదవనివ్వాలి.

పదో తరగతి ఆఖరి రోజు అందరం ఆటోగ్రాఫ్ పుస్తకాలు పట్టుకుని స్టాఫ్ రూం ముందు నిలబడ్డాం. నేను ముందు ఆయన దగ్గరికి వెళ్లకూడదనుకున్నాను, తర్వాత వెళ్లాను. మొన్న ఈ వ్యాసం రాస్తూ అటక మీంచి ఆ పుస్తకం దింపి చూశాను. గులాబీ రంగు పేజీ. నేను కంగారులో పైన తేదీ తప్పు వేశాను. ఆయన దాన్ని కొట్టేసి, పక్కన సరైన తేదీ వేసి, దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం పెట్టి, కింద మళ్లీ పూర్తి సంతకం చేశారు. శుభాకాంక్షలు లేవు, దీవెన లేదు. పేజీలో మిగతాదంతా ఖాళీ.