ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

రిపోర్టులో ఒక అంకె తేడాగా కనిపిస్తుంది. అది ఏ ఫైల్లోంచి వచ్చింది, మధ్యలో ఏ స్క్రిప్టు దాన్ని మార్చింది అని ఆరా తీస్తే చాలాసార్లు దొరికేది ఒక ఫైలు పేరు మాత్రమే. పేరును నమ్మలేం. అదే పేరు మీద కొత్త డేటా వచ్చి పడితే పాతది ఆనవాలు లేకుండా పోతుంది. అందుకే డేటా పుట్టుపూర్వోత్తరాలు పట్టుకునే పని హాష్‌తో, అంటే ఫైలు లోపలి డేటా నుంచి లెక్కగట్టే గుర్తుతో, మొదలుపెట్టాలి. షా-256 అనే హాష్ పద్ధతి ఏ ఫైలుకైనా 64 హెక్స్ అక్షరాల వేలిముద్ర ఇస్తుంది. లోపల ఒక్క బిట్ మారినా వేలిముద్ర మారిపోతుంది.

ప్రతి రన్‌కీ, అంటే ప్రోగ్రామ్ నడిచిన ప్రతిసారీ, ఇన్‌పుట్ ఫైళ్ల హాష్‌లు, అవి వచ్చిన చిరునామా, యూటీసీలో డౌన్‌లోడ్ సమయం, గిట్ కమిట్ ఐడీ (కోడ్ మార్పుల్ని దాచే గిట్‌లో ఆ వెర్షన్ గుర్తు), పారామీటర్లు, లైబ్రరీల వెర్షన్లు, ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక అంకెలకు మొదలు సంఖ్య), అవుట్‌పుట్ హాష్ నమోదు కావాలి. ఇది ప్రోగ్రామే రాయాలి. తర్వాత తీరిగ్గా చేత్తో రాద్దామనుకుంటే సగం గుర్తుండదు. కమిట్ చేయని మార్పులతో రన్ చేస్తే నమోదైన ఐడీ ఒకటి, నిజంగా నడిచిన కోడ్ ఇంకొకటి అవుతాయి. కాబట్టి రన్‌కి ముందే గిట్ స్టేటస్ చూసి, మార్పులుంటే అక్కడే ఆపేయాలి.

హాష్ కూడా కొన్నిచోట్ల ఇబ్బంది పెడుతుంది. ఫైళ్లను కుదించే జీజిప్ తన హెడర్‌లో (ఫైలు మొదటి భాగంలో) ఫైలు పేరు, సమయం దాచుకుంటుంది, దాంతో డేటా అదే అయినా హాష్ వేరుగా రావచ్చు. మైనస్ ఎన్ (-n) ఆప్షన్ ఇస్తే ఆ రెండూ రాయదు. డేటాబేస్‌ను అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో, వరుస పెట్టమని చెప్పే ఆర్డర్ బై లేకపోతే వరుసల క్రమానికి హామీ లేదు. దశాంశాల కూడిక సమాంతరంగా జరిగితే కూడిన క్రమాన్ని బట్టి చివరి అంకెలు మారుతాయి.

నమోదు ఏ రూపంలో ఉండాలన్నదానికి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2013లో ప్రావ్ ప్రమాణం ఇచ్చింది. అందులో ముఖ్యమైనవి మూడు: వస్తువు, దానిపై జరిగిన పని, ఆ పనికి బాధ్యులు. ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటి ఉంది. ఒక పని రెండు ఫైళ్లు చదివి రెండు ఫైళ్లు రాసిందంటే, రాసిన ప్రతిదీ చదివిన ప్రతిదాన్నుంచీ పుట్టిందని అర్థం కాదు. ఏది దేన్నుంచి పుట్టిందో విడిగా చెప్పాలి. లేదంటే ఒక్క ఇన్‌పుట్ తప్పని తేలినప్పుడు సంబంధం లేని ఫైళ్లన్నీ అనుమానితులే అవుతాయి.

ఫైలు స్థాయి చాలనప్పుడు పట్టికలోని ఒక్కో వరుస స్థాయికి దిగాలి. పరిశోధకులు బ్యూన్‌మన్, ఖన్నా, టాన్ 2001లోనే రెండు ప్రశ్నల్ని విడదీశారు: ఈ వరుస ఫలితంలో ఎందుకు ఉంది, ఈ విలువ ఏ గడిలోంచి వచ్చింది. 2007లో గ్రీన్, కార్వునరాకిస్, టాన్నెన్ దీన్ని బీజగణితంగా మలిచారు. రెండు పట్టికల వరుసల్ని జతచేసే జాయిన్ అంటే గుణకారం, రెండు ఫలితాల్ని ఒకచోట చేర్చే యూనియన్ అంటే కూడిక. ఫలితంలోని ఒక వరుసకు క×ప + గ×బ అని ఉందనుకోండి (క, ప, గ, బ అసలు పట్టికల్లోని వరుసలు). క వరుసను తొలగించాలంటే దాని స్థానంలో సున్నా పెట్టండి. గ×బ మిగిలింది కాబట్టి ఫలితం నిలుస్తుంది. డేటాబేస్‌ను అడిగే ప్రశ్నను (క్వెరీ) మళ్లీ నడపకుండానే జవాబు తేలిపోవడం ఎంత అందంగా ఉందో చూడండి! అయితే ఈ నమోదు అసలు డేటాను మించి పెరిగిపోగలదు. వ్యక్తిగత వివరాలు తొలగించాల్సి వచ్చే పట్టికలకే దీన్ని పరిమితం చేయడం మంచిది.

అన్నింటికంటే ప్రమాదం నమోదులోకి ఎక్కని చేతిపని. సెప్ట్2 అనే జన్యువు పేరును ఎక్సెల్ సెప్టెంబరు 2వ తేదీగా మార్చేసేది. చివరికి 2020లో ప్రకటించిన నామకరణ మార్గదర్శకాల్లో ఇలాంటి జన్యువుల పేర్లే మార్చారు, అది సెప్టిన్2 అయింది. ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేయడం కూడా ఒక పనే, దానికీ నమోదు ఉండాలి. ప్రతి దశా మొదలయ్యే ముందు తన ఇన్‌పుట్ హాష్‌ను గత దశ అవుట్‌పుట్ హాష్‌తో పోల్చుకోవాలి. రెండూ కలవకపోతే మధ్యలో ఎవరిదో చెయ్యి పడిందన్నమాట, రన్ ఆగిపోవాలి.