ముసలి జాకీ రాత్రి నిద్ర: నోటుపుస్తకంలోంచి

మే ఆఖరు

మా జాకీకి పదమూడేళ్లు దాటాయి. నాటుకుక్క, బరువు 18 కిలోలు. చెవులు పూర్తిగా పోయాయి, కళ్లకి నీలంగా పొర కమ్మింది. ఇంటి వెనక రొయ్యల చెరువులో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు తెల్లవార్లూ మోగినా వాడికి పట్టదు, మాకే పడుతుంది. నిరుటిదాకా పడుకుంటే తెల్లారేదాకా లేచేవాడు కాదు. ఇప్పుడు ఒంటిగంటకీ మూడింటికీ లేచి హాలంతా తిరుగుతున్నాడు. టైల్స్ మీద గోళ్లు టకటకలాడుతుంటే ఇంటిల్లిపాదికీ జాగారమే.

"ముసలాళ్లకి నిద్రెక్కడ పడుతుందిరా, వాడికీ అంతే" అంటుంది అమ్మ. కావచ్చు గానీ, మెలకువలన్నిటికీ ఒకే కారణం ఉండాలని లేదు కదా. పుస్తకంలో గళ్లు గీశాను: లేచిన టైము, లేవగానే చేసిన మొదటి పని, మళ్లీ ఎలా పడుకున్నాడు. వీటిలో మొదటి పని గడే కీలకం. తిన్నగా వీధి తలుపు దగ్గరికెళ్తే ఒంటికి వచ్చినట్టు. లేవబోయి వెనక కాళ్లు జారి, మూలిగి, మళ్లీ కూలబడితే నొప్పి. ఈ రెండూ కాకుండా ఇంకో రకం ఉంది. ఫ్రిజ్జుకీ గోడకీ మధ్య సందులో తల దూర్చి అలా నిలబడిపోతాడు. వెనక్కి ఎలా రావాలో తోచదు. తోక మాత్రం చిన్నగా ఆడుతూ ఉంటుంది. నడుము పట్టి వెనక్కి లాగితే నన్ను ఎప్పుడూ చూడనట్టు చూస్తాడు.

జూన్

పశువుల డాక్టరుగారు పుస్తకం తిరగేసి, మందు సంగతి తర్వాత, ముందు నీళ్లు కొలవమన్నారు. కుక్క రోజుకి కిలో బరువుకి 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే కిడ్నీనో షుగరో ఇంకోటో చూడాలట. అంటే మావాడికి హద్దు 1.8 లీటర్లు. లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోయడం, మర్నాడు మిగిలింది కొలిచి తీసేయడం, అంతే పని. మామూలు రోజుల్లో హద్దు లోపలే ఉన్నాడు. ఎండుచేప రోజుల్లో మాత్రం లెక్క ఎగబాకుతోంది. చేపముక్క నలిపి కలపకపోతే ముద్ద ముట్టడని అమ్మ పట్టు. ఆ రాత్రులు గిన్నె ఖాళీ, ఒంటిగంటకల్లా తలుపు దగ్గర హాజరు. ఇప్పుడు ఉప్పు లేకుండా ఉడికించి ముల్లు తీసిన పచ్చిచేప పెడుతున్నాం. ఆ వాసన చాలు, తింటున్నాడు. రాత్రి తొమ్మిదికి పెట్టే అన్నం సాయంత్రం ఆరున్నరకి మార్చాం. పదింటికి తాడు వేసి దొడ్లోకి తీసుకెళ్లి, పని అయ్యేదాకా నిలబడతాను.

రాత్రిపూట నీళ్లగిన్నె తీసేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆ పని చేయకండి. కిడ్నీ బాగాలేని ముసలి కుక్కకి నీళ్లు ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

ఒంటేలు పరీక్షకి పొద్దున్నే మొదటిది పట్టాలి. పొడుగు కాడ గరిటె ఒకటి బాగా కడిగి ఆరబెట్టి దీనికే కేటాయించాం. వెనకనుంచి మెల్లగా చాపాలి, ముందుకొస్తే ఆపేస్తాడు. రక్తం కూడా అప్పుడే ఇచ్చాం. రెండిట్లోనూ భయపడాల్సిందేం లేదు.

జూలై

నేల సంగతి. హాల్లో వాడు పడుకునే పక్క నుంచి తలుపుదాకా కొబ్బరిపీచు పట్టా పరిచాం. కోనసీమలో దానికి కరువేముంది! కాళ్లు జారడం వెంటనే తగ్గింది. వేళ్ల మధ్య పెరిగిన బొచ్చు కత్తిరించడం, గోళ్లు తీయడం కూడా ఇందులో భాగమే. పక్కకి అడుగున గోనెసంచి, పైన నాలుగంగుళాల ఫోము, దానికి ప్లాస్టిక్ షీటు, ఆ పైన పాత చీరల బొంత. ముసురు పట్టిందంటే బొంత ఆరదు, కనీసం మూడు ఉండాలి. దోమతెర కడితే అందులోనే చుట్టుకుని గింజుకున్నాడు. దోమలు కుక్కలకి గుండెపురుగు అంటిస్తాయి కాబట్టి వదిలేయలేం. నేల మీద టేబుల్ ఫ్యాను పెడితే గాలికి దోమ వాలడం లేదు. కరెంటు పోతే మాత్రం విసనకర్రే గతి.

కీళ్లనొప్పికి డాక్టరుగారు రాత్రి మందు రాశారు. పేరూ మోతాదూ ఇక్కడ పెట్టను, బరువునీ కిడ్నీనీ చూసి ఇచ్చేది. మన ఇంట్లో ఉండే ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు మాత్రం కుక్కకి వేయకూడదు. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి.

సెప్టెంబరు

తలుపు దగ్గరి మెలకువలు, మూలుగుల మెలకువలు చాలావరకు పోయాయి. మిగిలింది ఫ్రిజ్జు సందు. ముసలి కుక్కల్లో మెదడు మందగించడమే ఇది, మనుషుల్లో ఆల్జైమర్స్ లాంటి జబ్బు. అరుదేం కాదు. 2001లో అచ్చయిన కాలిఫోర్నియా పరిశీలనలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల వాటిలో 68 శాతానికి కనీసం ఒక లక్షణం కనిపించింది. పగలూ రాత్రీ తారుమారవడం ఆ లక్షణాల్లో ఒకటి.

ఆ సందుకి అట్టపెట్టె అడ్డం పెట్టేశాను. పక్క దగ్గర జీరో బల్బు, కరెంటు పోయినా వెలిగే చార్జింగ్ రకం. వాడి పక్కని నా మంచం దగ్గరికి, చెయ్యి అందేంత దూరానికి జరిపాను. చెవులు లేనివాడిని పిలిచి లాభం లేదు, వీపు మీద చెయ్యి వేస్తే నిలబడినవాడు కూర్చుంటాడు. పగలు అరుగు మీద నిద్రపోకుండా చూడటం వీటన్నిటికంటే ముఖ్యం. పొద్దుటెండలో కాలువగట్టు మీద కాసేపు, సాయంత్రం ఇంకాసేపు నడక. మధ్యాహ్నం దొడ్లో కొబ్బరిచిప్పలు బోర్లించి, కొన్నిటి కింద ఉడికిన గుడ్డు ముక్కలు దాస్తాను. ముక్కు ఇంకా బాగానే పనిచేస్తోంది. చిప్పలు తిరగేసుకుంటూ అరగంట మెలకువగా ఉంటాడు.

కొబ్బరికాయల దింపుకి వచ్చినాయన "కొబ్బరినూనె పట్టండి బాబుగారూ, మెదడుకి మంచిదంటండి, ఆయ్" అన్నాడు. మాట ఊరికే పుట్టలేదు. ఎం.సి.టి. అనే నూనెతో కుక్కల మీద ప్రయోగాలున్నాయి. కానీ అది కొబ్బరినూనె నుంచి వేరుచేసిన భాగం. మనం వాడే నూనెలో సగం దాకా లారిక్ ఆమ్లమే, అది ఆ పని అంతగా చేయదు. ఒక చెంచా పోసి చూస్తే విరేచనాలు పట్టుకున్నాయి, అంతటితో సరి.

నవంబరు

డాక్టరుగారు నిద్రకి మెలటోనిన్ మొదలుపెట్టించారు, పడుకునే ముందు. మనుషులకి అమ్మే తియ్యటి గమ్మీల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, కుక్కకి అది విషం, కాబట్టి మామూలు బిళ్లే. ఇప్పుడు ఎక్కువ రాత్రులు మూడున్నర దాకా కదలడం లేదు. ఒకసారి లేచినా పట్టా వెంట నడిచి వెనక్కొచ్చి పడుకుంటున్నాడు. ఇది చాలకపోతే సెలెజిలిన్ ఉందట, మనుషుల్లో పార్కిన్సన్స్‌కి వాడే మందే. కొన్ని ఇతర మందులతో కలిపితే ప్రమాదం కాబట్టి ఇప్పుడు వాడుతున్నవన్నీ రాసి తెమ్మన్నారు. చలి దిగాక కీళ్లు ఎలా ఉంటాయో చూసి, సంక్రాంతి దాటాక పుస్తకంతో వెళ్తాను.