పొద్దున 340, మధ్యాహ్నం 46

మా పిల్లికి సున్నుండ అని పేరు పెట్టినప్పుడు వాడికి షుగర్ వస్తుందని ఎవరనుకున్నారు! తొమ్మిదేళ్ల మగపిల్లి, ఏడు కిలోలు. అమ్మ రెండు పూటలా పెరుగన్నం పెట్టేది, మిగతా టైంలో గిన్నె నిండా డ్రై ఫుడ్.

నీళ్ల గిన్నె రోజుకు రెండుసార్లు ఖాళీ అవుతుంటే ఎండాకాలం కదా అనుకున్నాం. బాగా తింటూనే చిక్కిపోయాడు. చివరికి వెనక కాళ్ల మడమలు నేలకానించి నడవడం చూసి భయమేసింది. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే పిల్లులు అలా నడుస్తాయట.

ఆస్పత్రిలో రీడింగ్ 468. అయితే పిల్లులకి ఒట్టి భయంతోనే 300 దాటొచ్చు. అందుకని డాక్టరుగారు మూత్రంలోనూ షుగర్ చూశారు, ఫ్రక్టోసమిన్ పరీక్షకీ పంపారు. అది గత రెండు మూడు వారాల సంగతి చెబుతుంది, కాబట్టి ఆ రోజు భయానికి పెరగదు. అందులోనూ ఎక్కువే వచ్చింది. గ్లార్జిన్ ఇన్సులిన్ పన్నెండు గంటలకోసారి ఒక యూనిట్ రాశారు.

అమ్మ కూడా ఇన్సులిన్ తీసుకుంటుంది. "నా సిరంజిలు బోలెడున్నాయిగా" అంది. నేనూ సరే అనేదాన్నే, డాక్టరుగారు ముందే చెప్పకపోతే. అమ్మ మందు మిల్లీలీటరుకి 40 యూనిట్లది, వీడిది 100. అమ్మ మందు కోసం చేసిన ఎర్ర మూత సిరంజిలో వీడి మందు ఒక గీత వరకు లాగితే వీడికి రెండున్నర యూనిట్లు వెళ్లిపోతాయి.

ఆ తప్పు తప్పింది గానీ ఇంకోటి చేశాను. రోజూ పొద్దున సూదికి ముందు ఒక్కసారే చెవి అంచున గుచ్చి చూసేదాన్ని. ఐదో రోజూ 340 ఉండేసరికి టెన్షన్ తట్టుకోలేక, ఎవరినీ అడక్కుండా రెండు యూనిట్లు చేశాను. రెండు రోజులకి, మధ్యాహ్నం వాడు తాగినవాడిలా తూలుతూ వచ్చి గోడకి ఒరిగాడు. మీటర్లో 46. చిగుళ్లకి తేనె రాసి, తిండి పెట్టి, డాక్టరుగారికి ఫోన్ చేసి, పావుగంటకోసారి చూస్తూ కూర్చున్నాం. చేతులు వణికి రెండు స్ట్రిప్పులు పాడుచేశాను.

రాత్రికి 430! మధ్యాహ్నం నేను ఇంట్లో లేకపోయుంటే ఆ అంకె చూసి మూడు యూనిట్లు ఇచ్చేదాన్నే. షుగర్ మరీ పడిపోతే శరీరం కంగారుపడి కాలేయంలో దాచుకున్నదంతా వదులుతుందని, మా తేనె కూడా దానికి తోడైందని డాక్టరుగారు చెప్పారు. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

మళ్లీ ఒక యూనిట్‌కి వచ్చాం. వారం ఆగి, ఆదివారం రెండు గంటలకోసారి చూశాం. పొద్దున ఏడుకి 322, తొమ్మిదికి 251, పదకొండుకి 168, ఒంటిగంటకి 112, మూడుకి 134, ఐదుకి 215, ఏడుకి 298. క్యాలెండర్ వెనక చుక్కలు పెట్టి కలిపితే గిన్నెలా వచ్చింది. నేను ఇన్నాళ్లూ చూసింది ఆ గిన్నె అంచునే. డోసు పెంచాలా వద్దా అన్నది అడుగు ఎంత లోతుందో చూసి తేల్చాలట. మనుషుల మీటర్ పిల్లుల్లో కాస్త తక్కువ చూపిస్తుంది కూడా, అది లెక్కలో పెట్టుకోవాలి.

పెరుగన్నం మానిపించడం ఇన్సులిన్ కంటే కష్టమైంది, వాడికి కాదు, అమ్మకి. పిండిపదార్థం తక్కువున్న వెట్ ఫుడ్‌కి మార్చాం. తిండి మారగానే షుగర్ దిగుతుంది కాబట్టి ఆ పది రోజులూ రోజుకు నాలుగుసార్లు చూడాల్సొచ్చింది. మూడో నెలలో అర యూనిట్, నాలుగో నెల చివర డాక్టరుగారు ఆపేయమన్నారు. తొందరగా వైద్యం మొదలైన కొన్ని పిల్లుల్లో ఇలా అవుతుంది, మళ్లీ రాదనేం లేదు. మడమలు మాత్రం ఇంకో రెండు నెలలకి లేచాయి. ఫ్రిజ్ మీదికి దూకిన రోజు అమ్మ దిష్టి తీసింది.

ఇప్పుడు ఆదివారం పొద్దున ఇద్దరికీ చూస్తాను. "నాది తర్వాత చూద్దువుగానీ, ముందు వాడి చెవి పట్టుకో" అంటుంది అమ్మ. పోయిన వారం వాడిది 96, అమ్మది 187.